ఆస్తమా పిల్లల ఇన్‌హేలర్ బడిలో ఎక్కడ ఉండాలి?

తిరుపతిలో అలిపిరి రోడ్డు మీదే రుయా ఉంది, స్విమ్స్ ఉంది. అయినా ఆ చుట్టుపక్కల బడిలో ఒక బిడ్డకు ఆయాసం వస్తే మొదటి పది నిమిషాలు డాక్టర్ చేతిలో ఉండవు, టీచర్ చేతిలోనే ఉంటాయి. మన బడుల్లో నర్సు ఉండడం అరుదు కదా!

2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్లు, ఏఎన్ఎం లేదా నర్సు ఉన్న బృందం ఏడాదికోసారి సర్కారీ బడికి రావాలి. వాళ్లు చూడాల్సిన 30 సమస్యల్లో ఆస్తమా కూడా ఉంది. మంచిదే. కానీ చాలా ఇళ్లలో, ముఖ్యంగా ఆడపిల్లలైతే, రేపు పెళ్లి సంబంధాలకు అడ్డమని జబ్బు మాటే బయటికి రానివ్వరు. దాచిన జబ్బుకు ఏ నర్సు మాత్రం ఏం చేస్తుంది?

ఇంకో భయం, పంపు అలవాటైపోతుందని. అది నిజం కాదు. ఆస్తమాలో ఊపిరి గొట్టాలు వాచి బిగుసుకుంటాయి. సిరప్, మాత్ర ఒళ్లంతా తిరిగి అక్కడికి చేరాలి. పంపు మందు తక్కువ మోతాదులో నేరుగా చేరుతుంది. రోజూ వాడే ప్రివెంటర్ వాపును తగ్గిస్తుంది, ఆయాసం వచ్చినప్పుడు వాడే సాల్బుటమాల్ గొట్టాలను వదులు చేస్తుంది. జూన్‌లో చేప మందు కోసం హైదరాబాద్ వెళ్లే కుటుంబాలున్నాయి. అది ఆస్తమాను తగ్గిస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. వెళ్లినా సరే, ప్రివెంటర్ మాత్రం ఆపకండి.

ఇంగ్లండ్‌లో 2014 అక్టోబర్ నుంచి బడులు అత్యవసరానికి సొంతంగా సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పెట్టుకోవచ్చు. మన దగ్గర ఆ బాధ్యత ప్రస్తుతానికి అమ్మానాన్నలదే. డాక్టర్‌తో ఒక కాగితం రాయించండి. మందు పేరు, ఎన్ని పఫ్‌లు, మీ ఫోన్ నంబర్ అందులో ఉండాలి. దాంతోపాటు ఇన్‌హేలర్, స్పేసర్ క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. ఆఫీసు బీరువాలో తాళం వేసి పెడితే ఉన్నా లేనట్టే. తాళంచెవి ఉన్న సార్ ఆ రోజే సెలవులో ఉంటారు!

స్పేసర్ లేకుండా కొడితే మందు చాలావరకు నోట్లో, గొంతులోనే ఆగిపోతుంది. కొనలేకపోతే అర లీటరు ప్లాస్టిక్ బాటిల్ అడుగున ఇన్‌హేలర్ మూతి బిగుతుగా పట్టేలా రంధ్రం చేసినా పనిచేస్తుందని దక్షిణాఫ్రికా డాక్టర్లు 1999లోనే చూపించారు.

ఆయాసం వస్తే బిడ్డను పడుకోబెట్టకూడదు, నిటారుగా కూర్చోబెట్టాలి. డాక్టర్ కాగితంలో వేరేగా లేకపోతే, ఆస్ట్రేలియా బడుల్లో నేర్పే లెక్క గుర్తుపెట్టుకోవడం సులువు: ఒక్కోటిగా 4 పఫ్‌లు, ప్రతి పఫ్‌కు స్పేసర్‌లోంచి 4 శ్వాసలు, తర్వాత 4 నిమిషాలు ఆగడం. తగ్గకపోతే మళ్లీ 4. అప్పటికీ తగ్గకపోతే 108. మాట పూర్తిగా రాకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఊపిరికి పక్కటెముకల మధ్య లోపలికి గుంజుకుపోతున్నా, ముందు 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా పఫ్‌లు ఇస్తూ ఉండాలి.

పీటీ పీరియడ్ మాన్పించకండి. జబ్బు అదుపులో ఉన్న పిల్లలు అందరిలా ఆడుకోవచ్చు. ఇంట్లో మాత్రం లోబాన్ పొగ, దోమల కాయిల్, బీడీ పొగ బిడ్డ పడుకునే గదికి దూరంగా ఉంచండి.

జూన్‌లో క్లాస్ మారితే టీచర్ కూడా మారతారు. కాగితం కొత్త టీచర్‌కు మళ్లీ ఇవ్వాలి, ఇన్‌హేలర్ మీద గడువు తేదీ కూడా అప్పుడే చూసుకోవాలి.