ల్యాప్‌టాప్‌లో వైఫై పదే పదే కట్ అవుతోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి.. ఏజెన్సీ సరిహద్దు ఊళ్లలో అసలు తిప్పలు వేరే!

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లకు ఆఖరి రోజు. ల్యాప్‌టాప్ ముందు అమ్మాయి, వెనకాల కుర్చీ పట్టుకుని తండ్రి. కాలేజీల లిస్టు సగం పెట్టేసరికి పేజీ గిర్రున తిరగడం మొదలైంది. ఫోన్‌లో మాత్రం వాట్సాప్ మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. "నెట్ బాగానే ఉంది, నీ ల్యాప్‌టాపే పాడైంది" అని తండ్రి తేల్చేశాడు. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు ఏటా కౌన్సెలింగ్ సీజన్‌లో ఏదో ఒక ఇంట్లో కనిపించే సీనే ఇది. మర్నాడు ల్యాప్‌టాప్ షాపుకు వెళ్తుంది, ఫార్మాట్ అవుతుంది, డబ్బులు కట్టించుకుంటారు. వారం తిరక్కుండానే మళ్లీ అదే గోల.

ఎందుకంటే చాలా సందర్భాల్లో తప్పు విండోస్‌లో ఉండదు. ఎక్కడుందో కనిపెట్టడానికి పది నిమిషాలు చాలు. పైసా ఖర్చు లేదు.

పోతున్నది వైఫైయా, నెట్టా?

ఈ రెండూ ఒకటే అనుకుంటాం గానీ, కావు. ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ దాకా గాల్లో నడిచేది వైఫై. రౌటర్ నుంచి బయటి ప్రపంచానికి వెళ్లేది ఇంటర్నెట్ లైన్. మొదటిది తెగితే ల్యాప్‌టాప్ దగ్గరో రౌటర్ దగ్గరో చూడాలి. రెండోది తెగితే ల్యాప్‌టాప్‌ను పదిసార్లు ఫార్మాట్ చేసినా లాభం లేదు.

నెట్ ఆగిన క్షణంలో స్క్రీన్ కింద కుడి మూలన ఉన్న గుర్తు మీద నొక్కండి. మీ వైఫై పేరు కింద "నో ఇంటర్నెట్, సెక్యూర్డ్" అని ఉంటే వైఫై తగిలే ఉంది, లైన్ పోయింది. అసలు ఏ నెట్‌వర్క్‌కూ కనెక్ట్ కాలేదని చూపిస్తే వైఫైయే తెగింది. చాలామంది ఈ ఒక్క లైన్ చదవకుండానే రౌటర్ స్విచ్ ఆపి వేసేస్తారు. దాంతో ఉన్న ఆధారం కాస్తా పోతుంది.

ఫోన్‌తో కూడా పోల్చి చూడొచ్చు. అయితే ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, అదే వైఫై మీద చూడాలి. లేదంటే వైఫై పోయినా ఫోన్ చప్పుడు లేకుండా సిమ్ డేటాకు మారిపోతుంది. పైన చెప్పిన తండ్రి పొరపడింది ఇక్కడే.

ఇంకా గట్టి రుజువు కావాలంటే స్టార్ట్ మెనూలో సి, ఎం, డి అని మూడక్షరాలు కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. అందులో ఐపీకాన్ఫిగ్ అని టైప్ చేస్తే "డిఫాల్ట్ గేట్‌వే" ఎదురుగా ఒక నంబర్ కనిపిస్తుంది. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లాగా ఉంటుంది. అది మీ రౌటర్ అడ్రస్. ఇప్పుడు పింగ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి ఆ నంబర్, మళ్లీ స్పేస్ ఇచ్చి మైనస్ గుర్తు, దాని పక్కనే టి అక్షరం పెట్టి ఎంటర్ నొక్కండి. ఇంకో విండో తెరిచి 8.8.8.8 నంబర్‌తో అదే పని చేయండి. ఇది గూగుల్ నడిపే సర్వర్. రెండు విండోలూ అలా నడవనివ్వండి. నెట్ ఆగినప్పుడు రౌటర్ నుంచి జవాబు వస్తూ 8.8.8.8 మాత్రం "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అంటే లైన్ తప్పు. రెండూ ఒకేసారి ఆగితే ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్యే ఏదో తెగుతోంది.

ల్యాప్‌టాప్ తప్పే అయితే..

ముందు కరెంటు పొదుపు సెట్టింగ్ చూడాలి. బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు ఛార్జింగ్ మిగల్చడానికి విండోస్ వైఫై కార్డును కాసేపు నిద్రపుచ్చుతుంది. కొన్ని కార్డులు ఆ నిద్ర నుంచి సరిగ్గా లేవవు. ఛార్జర్ పెట్టినప్పుడు బాగుండి, తీయగానే కట్ అవుతోందంటే మొదటి అనుమానం దీని మీదే. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్, అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్, అందులో వైఫై కార్డు పేరు మీద రెండుసార్లు నొక్కండి. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటర్‌కు అనుమతి ఇచ్చే లైన్ ఒకటి ఉంటుంది. దాని పక్కన టిక్ తీసేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ ట్యాబ్ కనిపించదు. అలాంటప్పుడు బ్యాటరీ సేవర్ ఆపి, పవర్ మోడ్‌ను బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కు మార్చి ఒక రోజు చూడండి.

తర్వాత డ్రైవర్. విండోస్ అప్‌డేట్ అయిన మర్నాటి నుంచే బాధ మొదలైతే అదే డివైస్ మేనేజర్‌లో డ్రైవర్ ట్యాబ్‌లోకి వెళ్లి "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కితే పాతది వస్తుంది. ఆ బటన్ మసకగా ఉంటే, ల్యాప్‌టాప్ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబర్ కొట్టి వైర్‌లెస్ డ్రైవర్ తెచ్చుకోండి. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో సరిచేస్తామంటూ యాడ్స్‌లో ఊరించే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోవద్దు. ఉన్నది పోగొట్టుకోవడమే అవుతుంది.

ఇక బ్యాండ్ల గొడవ. ఇప్పటి రౌటర్లు ఒకే పేరుతో 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండు బ్యాండ్లు ఇస్తాయి. 5 స్పీడ్ ఎక్కువ, కానీ గోడలు దాటలేదు. 2.4 దూరం వెళ్తుంది, కానీ రద్దీ ఎక్కువ. మధ్య గదిలో కూర్చున్న ల్యాప్‌టాప్ ఇటా అటా అని ఊగిసలాడుతూ, మారిన ప్రతిసారీ ఒక్క క్షణం తెగుతుంది. యూట్యూబ్ చూస్తుంటే తెలియదు. వీడియో ఇంటర్వ్యూలోనో, కెమెరా పెట్టి రాయించే ఆన్‌లైన్ పరీక్షలోనో తెలిసిపోతుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టి, ల్యాప్‌టాప్‌ను ఒక్కదానికే కట్టేయండి. 2.4లో ఛానల్ ఆటో తీసేసి 1, 6, 11లో ఏదో ఒకటి పెడితే మంచిది. పక్కవాళ్ల సిగ్నల్‌తో ఒకదానిపై ఒకటి పడకుండా ఉండేవి ఆ మూడే.

ఓ విచిత్రమైన కారణం కూడా ఉంది. యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ పెట్టగానే వైఫై పోతుందని ఎవరైనా చెబితే నవ్వకండి, అది నిజమే. ఆ పోర్టులో డేటా పరుగెత్తేటప్పుడు పుట్టే రేడియో చప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనే పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. డిస్క్‌ను పొడవు కేబుల్‌తో కాస్త దూరంగా పెట్టినా, వైఫైని 5కు మార్చినా సరిపోతుంది.

మరొకటి, స్క్రీన్‌ను ముందుకు వెనక్కు వంచినప్పుడు సిగ్నల్ పడిపోతోందా? చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై యాంటెన్నా స్క్రీన్ అంచులోనే ఉంటుంది. దాని సన్నటి వైర్లు కీలు గుండా కిందికి దిగుతాయి. కీలు విరిగినా, సర్వీసింగ్‌కు విప్పినప్పుడు కార్డు దగ్గర ఆ వైర్ సరిగ్గా బిగించకపోయినా ఇదే జరుగుతుంది. దీనికి ఫార్మాట్ కాదు, స్క్రూడ్రైవర్ కావాలి. అంత దూరం ఎందుకనుకుంటే చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది.

ఎండ, కరెంటు, రౌటర్

ఇళ్లలో వాడే చాలా రౌటర్లకు కంపెనీలు చెప్పే పని ఉష్ణోగ్రత 40 డిగ్రీల వరకే. పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. కొత్తగూడెం, భద్రాచలంలో మే నెలలో బయటే 44, 45 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. రేకుల ఇంట్లో, టీవీ స్టాండ్ వెనక, సెట్‌టాప్ బాక్స్ నెత్తిన పెట్టిన రౌటర్ సంగతి వేరే చెప్పాలా? మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా కట్ అవుతూ రాత్రికి కుదుటపడుతోందంటే వేడి మీద అనుమానం పెట్టుకోండి. గాలి ఆడే చోట, బీరువాకూ నీళ్ల డ్రమ్ముకూ దూరంగా, తల ఎత్తులో పెట్టి చూడండి. ఇనుము, నీళ్లు రెండూ సిగ్నల్‌ను మింగేస్తాయి.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ అర సెకనులో కొన్ని రౌటర్లు ఆగి మళ్లీ లేస్తాయి. లైట్లన్నీ ఒక్కసారిగా ఆరి వెలిగితే అదే. పూర్తిగా లేచి లైన్ పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. రౌటర్ కోసమే అమ్మే 12 వోల్టుల మినీ యూపీఎస్ పెడితే ఈ బాధ ఉండదు. మీ రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసుకునే కొనండి. కరెంటు పోకపోయినా ఇలా జరుగుతుంటే అడాప్టర్ బలహీనపడి ఉండొచ్చు.

ఫైబర్ కనెక్షన్ అయితే పెట్టె మీద "లాస్" అనే లైట్ చూడండి. ఎర్రగా వెలిగిందంటే ఫైబర్‌లో వెలుగు రావడం లేదని అర్థం. కొమ్మ విరిగి వైర్ మీద పడిందో, రోడ్డు పనిలో జేసీబీ తెంపిందో, ఇంట్లోనే వైర్ మడత పడిందో. లైన్‌మన్ రావాల్సిందే. తెగిన ఫైబర్ కొసలోకి కన్నుపెట్టి చూడొద్దు. అందులో లేజర్ ఉంటుంది, కంటికి కనిపించదు.

హాట్‌స్పాట్ మీద నడిచే ఊళ్లకు ఇంకో చిక్కు

చర్ల, దుమ్ముగూడెం, గుండాల, కరకగూడెం లాంటి మండలాల్లో ఫైబర్ లేని ఇంట్లో ల్యాప్‌టాప్‌కు నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. గ్రామ పంచాయతీల దాకా ఫైబర్ తీసుకెళ్లే ప్రాజెక్టుకు కేంద్రం 2011 అక్టోబర్‌లోనే ఆమోదం తెలిపింది. అదే తర్వాత భారత్‌నెట్ అయింది. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ నిర్ణయించింది. పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన ఫైబర్ గూడెం చివరి ఇంటికి చేరడం మాత్రం వేరే కథ.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. టెలికాం లైసెన్సుల లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ ఒకే సర్కిల్. అందుకే ఎటపాక వైపు టవర్ తగిలినా, భద్రాచలం టవర్ తగిలినా తేడా రాదు. కానీ ఛత్తీస్‌గఢ్ మధ్యప్రదేశ్ సర్కిల్‌లో ఉంది, ఒడిశా విడి సర్కిల్. చర్ల, దుమ్ముగూడెం అంచు ఊళ్లలో, చింతూరు దాటి కుంట, మోటు దగ్గర ఫోన్ ఏ టవర్ బలంగా ఉంటే దాన్ని పట్టుకుంటుంది. అవతలి టవర్ పట్టుకున్న క్షణం అది రోమింగ్. ఫోన్‌లో డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంటే గీతలు నిండుగా ఉన్నా నెట్ ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌లో చూస్తే వైఫై కనెక్ట్ అయ్యే ఉంటుంది. తిట్లు మాత్రం ల్యాప్‌టాప్‌కే!

ఫోన్ స్క్రీన్ పైన సిగ్నల్ దగ్గర ఆర్ అక్షరం వచ్చి పోతోందేమో చూడండి. వస్తుంటే డేటా రోమింగ్ ఆన్ చేయండి. దేశం లోపల రోమింగ్‌కు ఇప్పుడు చాలా ప్లాన్లలో విడిగా ఛార్జీ లేదు. అయినా మీ ప్లాన్ ఒకసారి చూసుకున్నాకే ఆన్ చేయండి. ఇంకో దారి, నెట్‌వర్క్ సెలక్షన్‌లో ఆటోమేటిక్ తీసేసి మన వైపు నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకోవడం. ఊరు మారినప్పుడు మళ్లీ ఆటోమేటిక్‌కు మార్చడం మర్చిపోకండి. లేకపోతే ఫోన్ మొత్తానికే మూగబోతుంది.

కాల్ వచ్చిన ప్రతిసారీ నెట్ ఆగుతోందా? ఫోన్‌లో వోల్టీ ఆఫ్‌లో ఉండి ఉంటుంది. అప్పుడు ఫోన్ కాల్ కోసం 4జీ వదిలి కింది నెట్‌వర్క్‌కు దిగుతుంది, డేటా ఆగుతుంది. సిమ్ సెట్టింగ్స్‌లో వోల్టీ ఆన్ చేస్తే సరి. పరీక్ష ఉన్న రోజు ఆ నంబర్‌కు ఫోన్ చేయొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పడం ఇంకా మేలు. కాసేపు ల్యాప్‌టాప్ వాడకపోతే హాట్‌స్పాట్ దానంతట అదే ఆగే సెట్టింగ్ కూడా చాలా ఫోన్లలో ఉంటుంది. దాన్ని తీసేయండి. ఫోన్‌ను దిండు కింద, ఎండలో పెట్టొద్దు. వేడెక్కితే అదే వేగం తగ్గించుకుంటుంది.

వానాకాలంలో తడిసిన చెట్ల ఆకులు కూడా సిగ్నల్‌ను అడ్డుకుంటాయి. డాబా మీద సిగ్నల్ ఉండి ఇంట్లో లేకపోతే, ఫోన్‌ను కిటికీలో పెట్టి ల్యాప్‌టాప్‌తో యూఎస్‌బీ కేబుల్ కలిపి "యూఎస్‌బీ టెదరింగ్" ఆన్ చేయండి. వైఫై అనే మెట్టే పోతుంది, ఫోన్ ఛార్జ్ కూడా అవుతుంది. అదే విధంగా ఇంట్లో రౌటర్ ఉంటే ముఖ్యమైన పని ఉన్న రోజున ల్యాన్ కేబుల్ పెట్టేయడం ఉత్తమం.

అన్నీ చేసినా తగ్గకపోతే?

నెట్‌వర్క్ రీసెట్ ఆఖరి అస్త్రం. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ లోపల ఉంటుంది. దీంతో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి కాబట్టి ముందే రాసిపెట్టుకోండి. పరీక్ష ముందు రోజు రాత్రి మాత్రం దీని జోలికి పోవద్దు.

లైన్ తప్పని తేలితే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి డాకెట్ నంబర్ తప్పకుండా తీసుకోండి. ఏ రోజు, ఏ టైమ్‌కు, ఎన్ని నిమిషాలు పోయిందో రాసిపెట్టండి. పింగ్ స్క్రీన్ ఫొటో ఉంటే ఇంకా మంచిది. అక్కడ తేలకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి రాయొచ్చు. ఆ అప్పీలుకు డబ్బులు కట్టక్కర్లేదు, మొదటి ఫిర్యాదు డాకెట్ నంబర్ మాత్రం అడుగుతారు.