ఇద్దరు వ్యాపారులకూ ఒకే లెక్క

మన దాతల్లో, శ్రేయోభిలాషుల్లో వ్యాపారం మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. రాణిగంజ్‌లో పైపులు, మోటార్లు అమ్మే దుకాణమైనా, జనరల్ బజార్‌లో బట్టల కొట్టయినా ఒంటరిగా నడవదు. సరుకు పంపే కంపెనీ, మోసుకొచ్చే ట్రాన్స్‌పోర్టు, కొనేవారు, డబ్బు చేర్చే బ్యాంకు కలిస్తేనే ఒక బిల్లు పూర్తవుతుంది. ఇంతకాలం ఎవరి లెక్క వారి పుస్తకంలోనే ఉండేది. నెలాఖరుకు రెండు లెక్కలూ కలవకపోతే ఫోన్లు, మాట పట్టింపులు, ఆగిపోయిన బాకీలు.

ఇంటర్నెట్ ద్వారా పనిచేసే వ్యాపార సాఫ్ట్‌వేర్ ముఖ్యంగా ఈ చిక్కునే తీరుస్తుంది. వివరాలు ఒక దుకాణం కంప్యూటర్లో కాక, ఇద్దరూ తమ తమ పాస్‌వర్డ్‌తో తెరవగల చోట ఉంటాయి. కొనేవారు ఆర్డరు పెట్టగానే అమ్మేవారికి కనిపిస్తుంది. సరుకు అందిందని ఇక్కడ నమోదు చేస్తే అక్కడా అదే తేదీ పడుతుంది. ఎవరికి ఏది కనబడాలో ముందే నిర్ణయించుకోవచ్చు. ఒకరికిచ్చిన ధర మరొకరికి తెలియదు.

ఇది మన ప్రాంతానికి కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2003లోనే ఆన్‌లైన్ టెండర్లు మొదలుపెట్టింది. టెండరు పెట్టె దగ్గరికి వెళ్లి కాగితం వేయవలసిన పని తప్పింది. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే కూడా ఐఆర్‌ఈపీఎస్ పోర్టల్‌లోనే టెండర్లు పిలుస్తుంది. చిన్న సరఫరాదారు కూడా తన దుకాణంలో కూర్చునే ధర కోట్ చేయవచ్చు.

జీఎస్‌టీ వచ్చాక ఈ సహకారం తప్పనిసరి అయింది. అమ్మినవారు తమ జీఎస్‌టీఆర్-1లో బిల్లు చూపితేనే అది కొన్నవారి జీఎస్‌టీఆర్-2బీలోకి వస్తుంది. 2022 జనవరి 1 నుంచి అలా చూపని బిల్లుపై ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ లేదు. లక్ష రూపాయల సరుకుపై 18 శాతం పన్ను అంటే 18,000. అమ్మినవారు మరచిపోతే ఆ నెల ఆ మొత్తం మన జేబులోంచి కట్టాలి. నెలనెలా రిటర్ను వేసేవారు 14న 2బీ తయారయ్యాక, 20లోగా 3బీ వేసే ముందు, బిల్లులన్నీ ఒకసారి సరిచూసుకోవాలి.

బాకీల విషయంలోనూ మేలుంది. సరుకు తయారుచేసే, సేవలందించే సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు మించకుండా డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. సరుకు ఏ రోజు అందిందో ఇద్దరి దగ్గరా ఒకే నమోదు ఉంటే గడువు మీద వాదం ఉండదు. డబ్బు వేళకు వస్తే చిన్నవాడు కూలీలకు జీతాలివ్వడానికి అప్పు వెతుక్కోనక్కరలేదు.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఒకే పాస్‌వర్డ్ అందరికీ ఇవ్వకూడదు. గుమస్తా పని మానేసిన రోజే అతని లాగిన్ తీసేయాలి. లెక్కల నకలు మన దగ్గర కూడా ఉంచుకోవాలి. తప్పు అంకె వేస్తే అది రెండు చోట్లా తప్పే అవుతుందని గుర్తుంచుకోవాలి.

పెద్ద వ్యాపారమున్న మన దాతలకు ఒక మనవి. మీకు సరుకిచ్చే చిన్న దుకాణదారుకు ఈ వాడకం ఒక పూట కూర్చోబెట్టి నేర్పించండి. అతని బిల్లు తెర మీద కనబడిన తర్వాత గడువులోగా చెల్లించండి. సాఫ్ట్‌వేర్ బాకీ తేదీని చూపగలదు గాని, బాకీ తీర్చవలసింది మనమే.