ఇంపాక్ట్ రెంచ్: పనితీరు, ప్రయోజనాలు, ‘బిగింపు’ భావన

కీలకపదాలు: ఇంపాక్ట్ రెంచ్, సుత్తి, దాగలి, టార్క్, ఘర్షణ, బిగింపు.

1. ప్రవేశిక

లారీ చక్రం నట్టును చేతితో విప్పాలంటే పానాకు పొడవాటి గొట్టం తొడిగి, దానిపై మనిషి తన బరువంతా మోపవలసి వస్తుంది. అదే నట్టును టైర్ల దుకాణంలోని పనివాడు ఇంపాక్ట్ రెంచ్‌తో కొన్ని క్షణాల్లో విప్పుతాడు. వాడుకలో దీనిని ‘గన్’ అంటారు. నట్టుపై ఇంత బలం ప్రయోగించినా పట్టుకున్నవాని మణికట్టు మెలితిరగదు. చర్యకు సమానమైన ప్రతిచర్య ఉంటుందన్న న్యూటన్ సూత్రం ఇక్కడ ఏమైనట్లు? ఈ యంత్ర నిర్మాణాన్ని పరిశీలిస్తే సమాధానం దొరుకుతుంది.

2. నిర్మాణం, పనితీరు

యంత్రంలోని మోటారు సంపీడిత గాలితో గాని, విద్యుత్తుతో గాని నడుస్తుంది. అయితే అది నట్టును నేరుగా తిప్పదు. బరువైన ఒక ఉక్కు దిమ్మెను తిప్పుతుంది. ఆ దిమ్మె పేరు సుత్తి. సాకెట్ తొడిగే ఇరుసును ఆంగ్లంలో ‘ఆన్విల్’ అంటారు, అంటే దాగలి. కమ్మరి కొలిమిలో దాగలి కదలకూడదు. ఇక్కడ కదలవలసింది దాగలే.

నట్టు వదులుగా ఉన్నంతసేపు సుత్తి, దాగలి కలిసే తిరుగుతాయి. నిరోధం పెరగగానే దాగలి ఆగిపోతుంది. అప్పుడు సుత్తి ఏటవాలు గాడిలోని ఉక్కు గుండ్ల మీదుగా వెనక్కి జరిగి, స్ప్రింగును అదిమి, దాగలి నుండి విడిపోతుంది. అర చుట్టు వేగంగా తిరిగి, స్ప్రింగు తోపుతో ముందుకు వచ్చి, దాగలి చెవులను పక్కనుంచి కొడుతుంది. బ్యాటరీ రెంచ్‌లలో సాధారణమైన అమరిక ఇది. వాటిలో నిమిషానికి 3,000 దెబ్బలు మామూలే. గాలితో నడిచేవాటిలో అమరిక వేరైనా సూత్రం ఒకటే.

ఆ అర చుట్టులో మోటారు పోగుచేసిన శక్తి దెబ్బ తగిలిన అత్యల్ప కాలంలో ఖర్చవుతుంది. కాలం తగ్గినకొద్దీ బలం పెరుగుతుంది. ప్రతిచర్య సుత్తి మీద పడి దాని వేగాన్ని హరిస్తుంది. చేతికి చేరేది సుత్తికి మళ్ళీ వేగం ఇవ్వడానికి మోటారు వెచ్చించే కొద్దిపాటి టార్క్ మాత్రమే. గోడకు రంధ్రం వేసే హామర్ డ్రిల్‌తో దీనిని పొరబడరాదు. దాని దెబ్బ ముందుకు పడుతుంది, దీని దెబ్బ తిరిగే దిశలో పడుతుంది. తుప్పుపట్టిన నట్టు నిలకడ బలానికి లొంగకపోయినా ఈ వరుస దెబ్బలకు తరచు లొంగుతుంది. మామూలు క్రోమియం పూత సాకెట్లు ఈ దెబ్బలకు పగిలిపోగలవు. అందుకే నల్లని, మందపాటి ఇంపాక్ట్ సాకెట్లనే వాడాలి.

3. బిగింపు: ఒక మాట, రెండు రాశులు

తెలుగులో ‘బిగింపు’ అన్న మాట నట్టును తిప్పడానికి పెట్టిన బలాన్ని, బోల్టు సాగి భాగాలను అదిమిపట్టే బలాన్ని కూడా సూచిస్తుంది. అతుకును కాపాడేది రెండవది. మొదటి దానిలో సుమారు 90 శాతం ఘర్షణకే పోతుంది. కనుక మరచుట్లకు తుప్పు ఉందా, నూనె ఉందా అన్నదాన్ని బట్టి అదే టార్క్ వేర్వేరు ఫలితాలనిస్తుంది. ఇంపాక్ట్ రెంచ్ విషయంలో గాలి పీడనం, సాకెట్ వదులు, మీట నొక్కిన వ్యవధి కూడా తోడవుతాయి.

కారు చక్రం నట్టుకు సాధారణంగా 100 నుండి 120 న్యూటన్ మీటర్లు చాలు. అర అంగుళం రెంచ్ దీనికి అనేక రెట్లు ఇవ్వగలదు. అతిగా బిగిస్తే బోల్టు శాశ్వతంగా సాగి బలహీనపడుతుంది. దారిలో టైరు పంక్చరైతే కారులోని పానాతో నట్టు కదలదు. తక్కువైతే చక్రమే ఊడిపోవచ్చు. విప్పడానికి ఈ యంత్రం ఉత్తమమే గాని, చివరి బిగింపును టార్క్ రెంచ్‌కే వదలాలి. ఫార్ములా వన్ పందేల్లో మాత్రం చక్రానికి ఒకే నట్టు, దానికోసమే రూపొందించిన గన్ ఉంటాయి. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ జట్టు నాలుగు చక్రాలను 1.80 సెకన్లలో మార్చింది.

ఉక్కు వంతెనలు, భవనాల నిర్మాణంలో ఈ సమస్యకు వేరొక పరిష్కారం లభించింది. అమెరికాలో 1951లో అధికబలపు బోల్టులకు నిర్దేశికలు వెలువడిన తరువాత అవి క్రమంగా రివెట్ల స్థానాన్ని ఆక్రమించాయి. బోల్టులోని తన్యతను సరిగా సాధించడానికి టార్క్‌ను కాక, నట్టు తిరిగిన కోణాన్ని కొలిచే పద్ధతి ఏర్పడింది. ముందు భాగాలు ఒకదానికొకటి ఆనేంత బిగించాలి. ఇంపాక్ట్ రెంచ్ కొన్ని దెబ్బలు, లేదా పానాతో ఒక మనిషి పూర్తి బలం – ఈ తొలి దశకు చిరకాలం చెల్లిన నిర్వచనం ఇదే. ఆపై నట్టు మీద గీత గీసి, బోల్టు పొడవును బట్టి మూడోవంతు చుట్టో, అర చుట్టో, మూడింట రెండు వంతుల చుట్టో తిప్పుతారు.