తండ్రి గడువు, బిడ్డ వయస్సు

పరదేశమున తాత్కాలికానుమతిపై నున్న తండ్రికడకు బిడ్డను చేర్చుట తిరుత్తణి సీమకు కొత్త కథ కాదు

ఆడికృత్తికనాడు కావడులతో క్రిక్కిరియు తిరుత్తణి కొండను, వీరరాఘవస్వామి కోనేట బెల్లము కరగించి రోగములు కరగవలెనని మ్రొక్కుకొను తిరువళ్ళూరును కలుపుచు చెన్నపట్టణమునకు పోవు లోకల్ రైళ్ళలో, ఉద్యోగులును కాలేజీ విద్యార్థులును కిటకిటలాడు వేళ, తల్లి ప్రక్కను కూర్చుండి మురుకులు నమలుచు, ఆమె యొడిలోని ప్లాస్టిక్ ఫైలు తనకొరకే యని యెరుగని పసివాడొకడు అప్పుడప్పుడు కనబడును. తండ్రి డల్లాసులోనో న్యూజెర్సీలోనో హెచ్-1బి అనుమతిపై పనిచేయుచుండును. పిల్లవానికి కావలసినది ఆశ్రితులకిచ్చు హెచ్-4. జెమిని వంతెన ప్రక్కనున్న అమెరికా దౌత్యకార్యాలయమున "స్లాటు దొరికినదా?" అనునదే ఆ యింట నిత్యకుశలప్రశ్న.

పదునాలుగేండ్లలోపు పిల్లలకు సాధారణముగా లభించుచుండిన ఇంటర్వ్యూ మినహాయింపు 2025 సెప్టెంబరు 2తో తొలగిపోయినది. నాటినుండి చంటిబిడ్డకును స్లాటు కావలసినదే. డిసెంబరు 15 నుండి హెచ్-4 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాలనుగూడ పరిశీలింప మొదలిడుటచే, చేతికి వచ్చిన తేదీలు సయితము పెక్కు నెలలు వెనుకకు జరిగినవి.

ఈ సీమ తెలుగువారికి దీనికితోడు పేరు తెచ్చిపెట్టు చిక్కొకటి కలదు. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారిన తిరుత్తణి ప్రాంతమున, ఇంట తెలుగు మాటలాడుచు బడిలో తమిళము చదువు కుటుంబములు కొన్ని, ఇంటిపేరును కాగితములకెక్కింపక, తమిళుల యాచారము ననుసరించి తండ్రిపేరి మొదటి యక్షరమునే తమ పేరునకు ముందుంచుకొనును. పాస్‌పోర్టు వ్రాయించువేళ ఆ యక్షరము విడిపోయి, తాతపేరు తండ్రికిని, తండ్రిపేరు బిడ్డకును ఇంటిపేరుగా నెక్కును. పేరంతయు ఇంటిపేరు గడిలోనే పడి అసలుపేరు గడి ఖాళీగా మిగిలినచో అమెరికా వీసాపై ఆ చోట ‘ఎఫ్ఎన్‌యు’ (అసలుపేరు తెలియదు) అని అచ్చుపడును. ఈ విధముగా తండ్రీకొడుకులు కాగితముపై పరాయివారైనప్పుడు, వారి బాంధవ్యమునకు సాక్ష్యము చెప్పవలసినది పురపాలక సంఘమువారిచ్చిన పుట్టుక సర్టిఫికెట్టే.

బాంధవ్యమునకు సాక్ష్యమడుగుట నేటి వింత కాదు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బను చేరిననాటినుండి 1911 వరకు నేటాలునకు పోయిన లక్షా యేబదివేల పైచిలుకు కూలీలలో హెచ్చుమంది మద్రాసు రేవున ఓడ యెక్కినవారే. నేటి తిరుత్తణి, తిరువళ్ళూరు సీమలు నాడు చేరియుండిన ఉత్తరార్కాటు, చెంగల్పట్టు జిల్లాలు వారిలో పలువురకు జన్మభూములు. వారి యొప్పందము ఐదేండ్లది. గడువు ముగిసినను అక్కడనే నిలిచిపోయినవారి భార్యాబిడ్డల గతి యేమి యను ప్రశ్నకు, క్రైస్తవవిధిని జరుగని వివాహములు చెల్లవని 1913 మార్చిలో న్యాయమూర్తి సెర్ల్ చెప్పిన తీర్పు సమాధానమైనప్పుడు, స్త్రీలు సయితము సత్యాగ్రహమునకు దిగి కారాగారములకు పోయిరి. 1914 నాటి చట్టము ఒక భార్యను, పదునారేండ్లలోపు బిడ్డలను చేరనిచ్చినది. పోరాడి గెలుచుకొన్న హక్కునకును వయస్సు అను గీటు తప్పలేదు.

తిరుత్తణిలోనే పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936లో ఆక్స్‌ఫర్డు ఆచార్యపీఠము నధిష్ఠించెను. ఆయన కుమారుడు, చరిత్రకారుడు గోపాల్, లండనులోని మిల్‌హిల్ పాఠశాలలో కొంతకాలము చదివెను. సామ్రాజ్యప్రజలను బ్రిటనులోనికి పోనిచ్చుటకు కట్టడిచేయు చట్టము 1962లో గాని రాలేదు. ఒకే సామ్రాజ్యమున ఆచార్యుని బిడ్డకు తెరచియుండిన వాకిలి కూలివాని బిడ్డకు వయస్సు గీటుతోనే తెరచుకొనెనన్నమాట.

వాకిటికొక వెల కట్టు దేశములును కలవు. 2024 జనవరిలో కుటుంబవీసాలను మరల తెరచిన కువైటు, నెలకు 800 దీనారుల జీతమును నియమముగా పెట్టుటచే, పొరుగున చిత్తూరు, కడప సీమలనుండి పోయి అచ్చట కార్లు నడపువారికి, వంటలు చేయువారికి బిడ్డను వీడియో కాల్‌లో చూచుకొనుటయే గతియైనది.

అమెరికాలో హెచ్-4 అవివాహితులైన ఇరువదియొకటేండ్లలోపువారికే చెల్లును. తండ్రి గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నంతకాలము, ఆరేండ్ల పరిమితి దాటినను, అతని హెచ్-1బికి పొడిగింపు దొరకును. ఒక్కొక్క దేశమునకు నూటికి ఏడు వంతులను పరిమితివలన భారతీయుల వరుస దశాబ్దములు సాగుచుండగా, బిడ్డ వయస్సునకు మాత్రము పొడిగింపు లేదు. రెండేండ్లప్రాయమున విమానమెక్కి, అచ్చటి బడిలోనే అక్షరము నేర్చిన బాలిక, ఇరువదియొకటవ పుట్టినరోజున తల్లిదండ్రులకు గల నెలవు తనకు లేదని తెలిసికొని, విద్యార్థి వీసాకో, ఎరుగని జన్మభూమికో దారి చూచుకొనవలెను. 2002 నాటి బాలల హోదా రక్షణచట్టము దరఖాస్తు పరిశీలనకు పట్టిన కాలమును వయస్సులోనుండి తీసివేయునే గాని, వరుసలో కాచుకొన్న యేండ్లను తీసివేయదు. దరఖాస్తు పెట్టిననాటి వయస్సునే స్థిరపరుపవలెనని 2021లోను, 2023లోను కాంగ్రెసున ప్రవేశపెట్టిన బిల్లులు చట్టములు కాలేదు.

కొలువునకు గడువు పెట్టు హక్కు ఏ రాజ్యమునకైనను కలదు. కాని తండ్రి శ్రమను ఏండ్లతరబడి పొడిగించుకొనుచు పోవు రాజ్యము, ఆ యేండ్లలోనే పెరిగిన బిడ్డను పెరిగిన నేరమునకు వెలివేయుట న్యాయము కాదు. బిడ్డ వయస్సును దరఖాస్తు నాటితో నిలుపుట దయాదానము కాదు. జాప్యమెవరిదో దాని భారమును వారే మోయవలెనను సామాన్య న్యాయము. అంతవరకు ఈ సీమ తల్లిదండ్రులు చేయగలిగినది, పాస్‌పోర్టు వ్రాయించునాడే పేరు సరిచూచుకొనుటయు, వీసా తేదీతోపాటు బిడ్డ పుట్టినతేదీనిగూడ లెక్కలో ఉంచుకొనుటయు.