సముద్రం నుంచి సముద్రానికి: థామస్ స్టీవెన్స్ సైకిల్ యాత్ర

ఒక దేశాన్ని ఆ అంచు నుంచి ఈ అంచు దాకా ఒంటరిగా సైకిల్‌పై దాటడం అనగానే ముందుగా వేగమూ దేహదారుఢ్యమూ గుర్తుకు వస్తాయి. అయితే అటువంటి యాత్రలు పూర్తయిన తీరును పరిశీలిస్తే, తొక్కగలిగిన చోట తొక్కి, తొక్కలేని చోట దిగి నడిచి, వాతావరణం అనుకూలించనప్పుడు ఆగి, తిరిగి బయలుదేరగలిగే ఓర్పే మనిషిని గమ్యం చేర్చిందని తెలుస్తుంది. అమెరికాను సైకిల్‌పై మొట్టమొదట దాటిన థామస్ స్టీవెన్స్ 1884లో చేసిన ప్రయాణం ఇందుకు బలమైన నిదర్శనం.

స్టీవెన్స్ 1854లో ఇంగ్లండ్‌లో పుట్టి, యౌవనారంభంలోనే అమెరికాకు వలస వెళ్లి, అక్కడ గనుల్లోనూ ఇతర చోట్లా శ్రమించిన సామాన్యుడు. అతడు ఎక్కిన సైకిల్ నేటి సైకిల్ వంటిది కాదు. దాని ముందు చక్రం వ్యాసం 50 అంగుళాలు కాగా, వెనుక చక్రం చాలా చిన్నది. గొలుసూ గేర్లూ లేకుండా పెడళ్లను ముందు చక్రపు ఇరుసుకే బిగించినందువల్ల, పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే తిరిగి బండి సుమారు 4 మీటర్లు సాగేది. ఎగువకు ఎక్కే దారిలో ఆ చక్రాన్ని తిప్పడం ఎంతో కష్టం. అది రాయికి తగిలి ఆగిపోతే, పైన కూర్చున్న మనిషి ముందుకు పల్టీ కొట్టి పడేవాడు. గాలి నింపే టైరును డన్‌లప్ రూపొందించింది 1888లో కనుక, అప్పటి గట్టి రబ్బరు టైరుపై దారిలోని ప్రతి కుదుపూ నేరుగా ఒంటికి తగిలేది.

ఏప్రిల్ 22న శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం తీరం నుంచి బయలుదేరిన స్టీవెన్స్‌కు సియెర్రా నెవాడా పర్వతాల్లోనే తొలి పరీక్ష ఎదురైంది. అక్కడ పట్టాలపై మంచు పేరుకోకుండా రైలు మార్గం మీద మైళ్ల పొడవున చెక్క కప్పులు కట్టారు. పొగ నిండిన ఆ చీకటి దారిలో అతడు సైకిల్‌ను నడిపించుకుంటూ వెళ్లాడు. ఆ తరువాత నెవాడా, యూటాల ఎడారి నేలలు, వ్యోమింగ్ పీఠభూమి, నెబ్రాస్కా మైదానాలు దాటి, జూలై 4న షికాగో చేరాడు. న్యూయార్క్ రాష్ట్రంలో, కాలువలోని పడవలను లాగే గుర్రాలూ కంచరగాడిదలూ నడిచే గట్టు దారి అతడికి కొంత మేర రహదారి అయింది. ఆగస్టు 4న అతడు అట్లాంటిక్ తీరంలోని బోస్టన్ నగరంలో అడుగుపెట్టాడు.

సుమారు 3,700 మైళ్ల, అంటే 5,950 కిలోమీటర్ల ఈ యాత్రకు 103½ రోజులు పట్టగా, అందులో 20 రోజులు వానల వంటి కారణాలతో ఆగిపోవలసి వచ్చింది. ప్రయాణించిన 83½ రోజులను లెక్కిస్తే రోజుకు సగటున దాదాపు 70 కిలోమీటర్లు సాగినట్టు. కానీ మొత్తం దారిలో మూడో వంతుకు పైగా అతడు నడవవలసి వచ్చింది. నడకను ఓటమిగా భావించి ఉంటే ఆ యాత్ర తొలి పర్వతాల దగ్గరే ఆగిపోయేది.

ఒంటరి యాత్ర అన్నది ఇతరుల తోడ్పాటు లేని యాత్ర కాదన్న సంగతినీ ఈ ప్రయాణం స్పష్టం చేస్తుంది. మేజోళ్లు, మారు చొక్కా, గుడారంగానూ పనికొచ్చే వానకోటు, చిన్న తుపాకీ మాత్రమే వెంట తీసుకెళ్లిన స్టీవెన్స్, తిండికీ రాత్రి బసకూ రైలు పట్టాలను బాగుచేసే కూలీల ఇళ్లమీద, పశుపాలకుల, రైతుల ఆదరణమీద ఆధారపడ్డాడు. 1869లో అమెరికా తూర్పు పడమరలను కలిపిన రైలు మార్గమే లేకపోతే అతడికి ఆ ఎడారుల్లో ఆశ్రయం దొరకడం దుర్లభం.

ఈ విజయం ఇచ్చిన స్థైర్యంతో, ఔటింగ్ పత్రిక అండతో స్టీవెన్స్ 1885లో ఐరోపాకు వెళ్లి, మరుసటి ఏడు లాహోర్ నుంచి కలకత్తా దాకా గ్రాండ్ ట్రంక్ రోడ్డుపై సాగి, 1886 డిసెంబరు 17న జపాన్‌లోని యొకొహామాలో తన భూప్రదక్షిణను ముగించాడు. స్టీవెన్స్ అనుభవం నేడు మన దేశంలోనూ వర్తిస్తుంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి వరకు సాగే 44వ జాతీయ రహదారిపై ఆదిలాబాద్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా దేశాన్ని దాటదలచిన నేటి సైకిల్ యాత్రికులకు గేర్లూ తారు రోడ్లూ ఉన్నా, ఎండా ఎదురుగాలీ అలసటా తప్పవు. కనుక నడిచే గంటలనూ ఆగే రోజులనూ ముందే లెక్కలో చేర్చుకుని, దారిలోని మనుషులను నమ్మి బయలుదేరడమే యాత్రను పూర్తిచేయడానికి తగిన సన్నాహం.