ఎవరి పాట? ఎవరి గొంతు?

పాటకు ప్రాణము గొంతులో ఉన్నదా, ఆ గొంతు వెనుకనున్న బ్రతుకులో ఉన్నదా అను ప్రశ్న పాతదే. హిప్‌హాప్ అను సంగీతము దానిని మరల కొంత కటువుగా అడిగినది. ఇతర సంగీతములలో గాయకుడు పరుల సాహిత్యమును ఆలపించుట పరిపాటి. త్యాగయ్య కృతిని పాడిన విద్వాంసుని, ఇది నీ అనుభవమేనా అని ఎవరూ నిలదీయరు. ర్యాప్ పలుకువానిని మాత్రము శ్రోతలు అదే అడుగుదురు. మాట నీదేనా? నీవు చూచినదేనా? కానిచో, ఎంత లయశుద్ధితో పలికినను వానికి ఆ గోష్ఠిలో పీట లేదు.

ఈ పట్టుదలకు కారణము ఆ కళ పుట్టిన చోటనే ఉన్నది. 1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్కు నగరములోని బ్రాంక్స్ ప్రాంతమున, సెడ్జ్‌విక్ అవెన్యూలోని ఒక అద్దె ఇండ్ల మేడలో, బడి తెరిచే నాటికి కొత్త బట్టలు కొనుటకై ఒక బాలిక వినోదసభ ఏర్పాటు చేసినది. ఆమె అన్న క్లైవ్ కాంప్‌బెల్ జమైకా నుండి వచ్చిన కుర్రవాడు. ఒకే రికార్డు రెండు ప్రతులను రెండు పళ్ళెములపై త్రిప్పుచు, డోలు దరువు మాత్రమే మ్రోగు భాగమును ఎడతెగక సాగదీయు నేర్పు ఆతనిది. ఆ దరువుపై మాటలు అల్లిన యువకులకు నోటిమాటయే ఆస్తి. దానిని మరొకడు తనదని చెప్పుకొనుట వారి దృష్టిలో ఇల్లు దోచుట వంటిది.

ఆరేండ్లకే అట్టి పని జరిగినది. 1979లో వెలువడిన "రాపర్స్ డిలైట్" ర్యాప్‌ను లోకమునకు పరిచయము చేసిన మొదటి పెద్ద రికార్డు. అందు బిగ్ బ్యాంక్ హ్యాంక్ పలికిన చరణములు గ్రాండ్‌మాస్టర్ కాజ్ అను మరొక యువకుని పుస్తకములోనివి. కాజ్ తన మారుపేరును అక్షరమక్షరముగా విడదీసి చెప్పుకొన్న పంక్తి సైతము హ్యాంక్ నోట యథాతథముగా వచ్చినది! అరువు తెచ్చిన నగపై యజమాని పేరు చెరుపుటకైనను తీరిక లేకపోయినది. రచయితగా కాజ్‌కు పేరు దక్కలేదు.

ఇదే ప్రశ్న విశాఖపట్టణములోను, హిప్‌హాప్ పేరు ఇక్కడ వినబడక మునుపే తలయెత్తినది. పార్వతీపురము చెంతనున్న పెదబొండపల్లిలో 1943లో జన్మించిన వంగపండు ప్రసాదరావు ఇచ్చటి హిందూస్థాన్ షిప్‌యార్డులో పనిచేసినారు. 1948లో "జలఉష" నౌకను నీట దింపిన నౌకాశాల అది. 1972లో గద్దరుతో కలిసి జననాట్యమండలి స్థాపనలో పాలుపంచుకొన్నారు. యంత్రము ఎట్లు నడచునో చెప్పు ఆయన పాటలో, యంత్రమును వెలుపలనుండి చూచి అబ్బురపడు కవి కనబడడు. ఇదే ఊరిలో 1910లో పుట్టిన శ్రీశ్రీ శ్రామికుని కీర్తించినాడు. వంగపండు శ్రామికుడుగానే మాటాడినారు. ఏది గొప్ప అను వాదము అనవసరము. రెండును వేరని గుర్తించిన చాలును.

ఆయన పలుకును గమనించదగును. "వెళ్దాము" అనక "ఎల్దము" అన్నారు. "వస్తావా" అనుటకు మారుగా "ఒస్తవ" అన్నారు. ఉత్తరాంధ్ర పల్లెలలో ఇట్టి మాటల మొదట వకారము నిలువదు. వ్యాకరణము చేతబట్టి ఆ పాటను దిద్దినచో లయ విరుగును, మనిషి మాయమగును. తరగతిలో బాలుడు "నేదు" అని వ్రాసిన వెంటనే ఎర్రసిరా పడుచున్నది. పరీక్షకు "లేదు" కావలెను. ఉపాధ్యాయుడు దానిని నేర్పక తప్పదు. కాని తల్లితో మాటాడు పలుకే తప్పని ఆ పిల్లవాడు నమ్మి సిగ్గుపడిననాడు వానికి పాట ఎక్కడినుండి వచ్చును? నేడు తెలుగులో ర్యాప్ అల్లు కుర్రవారిలో కొందరి పలుకు బ్రాంక్స్ యాసను అనుకరించుటకు ఈ సిగ్గు కూడ కొంత కారణము కావచ్చును. బంగారు గొలుసులు, తామెన్నడు ఎక్కని కార్లు వారి పాటలలో నిండియుండును. చేపలరేవులో వల లాగు తండ్రి, రాత్రి షిఫ్టుకు పరుగెత్తు మేనమామ అందు కానరారు.

సొంత గొంతుతో పాడినంతమాత్రమున పేరు నిలుచునన్న నమ్మకమును లేదు. వంగపండు వ్రాసిన "ఏం పిల్లడో ఎల్దమొస్తవ" శ్రీకాకుళ పోరాటమును తలచుకొని పుట్టినది. 1986లో వచ్చిన "అర్ధరాత్రి స్వతంత్రం" చిత్రముతో మరింత వ్యాపించినది. ఎంతగా వ్యాపించినదనగా, అది తాతలనాటి జానపదమని పలువురు తలచునంతగా. కవికి ఇంతకుమించిన గౌరవము లేదు. ఇంతకుమించిన నష్టమును లేదు. 2009లో "మగధీర" చిత్రములోని ఒక పాటలో ఆ పల్లవి వినబడగా, తన అనుమతి లేదని ఆయన ఆక్షేపించినారు. కాజ్ బాధయు ఇట్టిదే. జానపదమనగానే రచయిత లేడనుకొనుట చదువుకొన్నవారికి సైతము అలవాటైనది. ప్రతి జానపదమునకు మొదట ఒక నోరు ఉండియే యుండును గదా! 2020 ఆగస్టు 4వ తేదీన వంగపండు కన్నుమూసినారు.

అయినను పేరు లేకపోవుట అన్ని వేళల అన్యాయము కాదు. 1966లో ఉక్కు కర్మాగారము కొరకు సాగిన ఉద్యమములో 32 మంది ప్రాణములు కోల్పోయినారు. ఆనాడు వీథులలో మ్రోగిన "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అను నినాదములోని ప్రాస ఏ ర్యాప్ కవికైనను అసూయ కలిగింపగలది. దానిని పలికినవారెవరును కట్టినవాని పేరు కొరకు ఆగలేదు. పలికిన ప్రతివానికి అది తన మాటయే. 2021 జనవరిలో కర్మాగారములోని ప్రభుత్వ వాటాను విక్రయించు నిర్ణయము వెలువడినప్పుడు, 1966 నాటికి పుట్టనైనను పుట్టని కార్మికులు కూర్మన్నపాలెము శిబిరములో ఆ నాలుగు మాటలనే ఎలుగెత్తి పలికినారు.