ద్రాక్షపండు - దాని గుణములు

చదివిన వెంటనే రసము నోటికందు కవిత్వమును మన పెద్దలు ద్రాక్షాపాకమని మెచ్చుకొనిరి. కాని ద్రాక్ష చేయు మేలును గూర్చిన శాస్త్రము మాత్రము నారికేళపాకము వంటిది. పెంకు పగులగొట్టిన గాని లోని సారము చిక్కదు. నల్లద్రాక్ష తిన్నచో గుండెజబ్బు దరిచేరదా, మధుమేహరోగి ద్రాక్షను ముట్టవచ్చునా, ద్రాక్షసారమని అమ్ము గుళికలు కొనవలెనా అని శ్రోతలు మమ్ము అడుగుచుందురు. ఇవి ఇంటి ఖర్చునకును, ఇంటివారి ఆరోగ్యమునకును సంబంధించిన ప్రశ్నలు.

వంకాయను కోసి నీటిలో వేయనిచో ముక్కలు నల్లబడును. గాలిలోని ఆమ్లజని ముక్కలోని పదార్థములతో కలియుటయే అందులకు కారణము. ఇట్టి ఆమ్లజనీకరణము మన శరీరకణములలోను నిత్యము జరుగుచుండును. ఆహారమునుండి శక్తి పుట్టునపుడు చురుకైన అణువులు కొన్ని వెలువడును. అవి మితిమీరినచో కణములకు హాని కలుగును. వానిని అదుపులో ఉంచు పదార్థములనే యాంటీ ఆక్సిడెంట్లు అందురు. కొన్నింటిని శరీరమే తయారుచేసికొనును. కొన్ని ఆహారమునుండి లభించును.

నల్లద్రాక్ష తొక్కకు రంగునిచ్చు ఆంథోసయనిన్లు, గింజలలోని వగరు పదార్థములు, తొక్కలోని రెస్వెరట్రాల్ ఈ జాతివే. బూజు సోకినపుడు ఆత్మరక్షణకై ద్రాక్షతీగ రెస్వెరట్రాల్‌ను పుట్టించుకొనును. హైదరాబాదునకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహి తెల్లద్రాక్ష; నల్లద్రాక్ష రంగుపదార్థములు దానియందు కానరావు. ఇక సి విటమిను కావలసినవారికి ద్రాక్షకంటె మన జామ, ఉసిరి ఎన్నో రెట్లు మేలు.

రెస్వెరట్రాల్‌ను 1939లో జపాను శాస్త్రజ్ఞుడు తకఓకా ఒక మొక్కనుండి వేరుచేసెను. అది ద్రాక్షసారాయిలో కలదని 1992లో వెల్లడియైన పిదప దాని కీర్తి పెరిగినది. 1997లో ఎలుకలపై జరిగిన ప్రయోగములు క్యాన్సరు విషయమున ఆశ గొల్పినవి. కాని ఎలుకకు పనిచేసినదెల్ల మనిషికి పనిచేయదు. ఇటలీలోని కియాంటీ ప్రాంతమున 65 ఏండ్లు దాటిన 783 మందిని 9 ఏండ్లు గమనించి, 2014లో ఫలితములు ప్రకటించిరి. ఆహారమునుండి రెస్వెరట్రాల్ ఎక్కువగా పొందినవారికి ఆయువు పెరుగలేదు. గుండెజబ్బులు, క్యాన్సరు తగ్గలేదు.

గుళికల సంగతి ఇంకను జాగ్రత్తగా చూడవలెను. ఫిన్లండులో 29,000 మందికి పైగా పొగత్రాగు పురుషులపై జరిగిన పరీక్షలో, బీటా కెరోటిన్ అను యాంటీ ఆక్సిడెంటు గుళికలు మ్రింగినవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గుటకు మారుగా పెరిగినట్లు 1994లో తేలినది. పండులో మేలైనది సీసాలోను మేలు చేయునను నియమము లేదు.

అట్లని పండును త్రోసిపుచ్చనక్కరలేదు. అమెరికాలో 1,87,000 మందికి పైగా స్త్రీపురుషులను గూర్చి 2013లో వెలువడిన పరిశీలన ప్రకారము ద్రాక్ష, ఆపిల్, బ్లూబెర్రీ పండ్లను పండ్లుగానే తినువారిలో మధుమేహము తక్కువగాను, పండ్లరసము ఎక్కువగా త్రాగువారిలో అధికముగాను కనబడినది. పండే కారణమని దీనివలన ఋజువు కాలేదు. అయినను రసముకంటె పండు మేలను మాటకు ఇది బలము చేకూర్చుచున్నది.

100 గ్రాముల ద్రాక్షలో సుమారు 15 గ్రాముల చక్కెర ఉండును. ఎండుద్రాక్షలో నీరు పోయి చక్కెర చిక్కబడును. కనుక మధుమేహరోగులు వైద్యుని సలహాపై కొలతగా, తొక్కతో సహా తినవలెను. తీసికొను మందు మానరాదు. మేలు పేరిట ద్రాక్షసారాయి త్రాగుట తగదు. మద్యము క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే నిర్ణయించినది. పండ్లను బాగుగా కడుగవలెను. ఐదేండ్లలోపు పిల్లలకు గొంతులో అడ్డుపడకుండ నిలువుగా చీల్చి పెట్టవలెను.

ద్రాక్ష ఔషధము కాదు, మంచి ఆహారము. గుళికలకు వెచ్చించు ధనముతో ఇంటిల్లిపాదికి ఆకుకూరలు, కాయగూరలు, ఋతువున దొరకు పండ్లు తెచ్చుకొనుట ఉత్తమమని మా మనవి.